సులువైన డ్రా

అద్దంకి బస్టాండు వెనక సందులో, తోమా టీ బండి దగ్గర, సాయంత్రంపూట ఎవరైనా గొంతు చించుకుంటున్నారంటే అది కొట్లాట అనుకోనక్కర్లేదు. అది కబడ్డీ గురించి. నిజానికి కబడ్డీ గురించి కూడా కాదు, కబడ్డీ డ్రా గురించి. ఆ చించుకునే గొంతు దూదేకుల బుడేది.

ఏటా జనవరిలో చుట్టుపక్కల కాలేజీల జట్లన్నీ ఒకచోట చేరి పోటీలు ఆడతాయి. ఏ జట్టు ముందుగా ఏ జట్టుతో తలపడాలో చీట్లు తీసి తేలుస్తారు. దాన్నే డ్రా అంటారు. మామూలు జనం ఎవరు గెలుస్తారా అని చూస్తారు. బుడేకి ఆ గోల పట్టదు. గెలిచినవాడు ఎవరెవరిని దాటుకుని వచ్చాడన్నదే అతనికి కావాలి. బలహీనమైన జట్లు ఎదురొచ్చి గెలిస్తే అది అతని దృష్టిలో గెలుపే కాదు.

"కప్పు ఎవడైనా ఎత్తుతాడ్రా. ఎవడి మీద గెలిచి ఎత్తాడో అది చెప్పు ముందు," అంటాడు.

అతనేదో పెద్ద పండితుడని కాదు. చెప్పిన జోస్యాల్లో సగానికి సగం బెడిసికొట్టేవి. గట్టి జట్టన్నది మొదటిరోజే ఇంటిముఖం పట్టేది, చచ్చు జట్టన్నది కప్పు పట్టుకుపోయేది. అయినా తప్పు తనదని ఒప్పుకున్న పాపాన పోలేదు. రిఫరీని తిట్టేవాడు, వానను తిట్టేవాడు, కోర్టులో పోసిన మట్టిని తిట్టేవాడు. పరుపులు కుట్టుకునే మనిషికి ఈ పిచ్చి ఏమిటని ఊరు నవ్వుకునేది. కానీ ఆ పిచ్చికి ఒక కారణం ఉంది.

బుడే తండ్రి మాబు సాహెబ్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, జనం పాత పరుపుల్ని విప్పి, గట్టిపడ్డ దూదిని మళ్లీ మెత్తగా చేసి కుట్టి ఇచ్చేవాడు. బుడే పదో తరగతిలో లెక్కలు తప్పి ఆ విల్లు కిందికే వచ్చాడు. వాళ్ల ఇంటి వెనకే కమిటీ కాలేజీ గ్రౌండు. సాయంత్రం పని అయ్యాక గోడ దూకి కబడ్డీ చూసేవాడు. దుక్కలాంటి ఒళ్లు చూసి ఒకరోజు కాలేజీలో ఆటలు నేర్పే పీడీ గారు పిలిచారు.

"ఏం పేరయ్యా? మా పిల్లలు నిన్ను పట్టుకోగలరేమో చూద్దాం, రా."

పట్టుకోలేకపోయారు. ఆ రోజు నుంచి ప్రాక్టీసుకి బుడే ఉండాల్సిందే. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు అతని నడుం పట్టుకుని ఆట నేర్చుకున్నారో. కానీ మ్యాచ్ రోజున మాత్రం అతను గీత బయటే. కాలేజీలో చదవనివాడు కాలేజీ జట్టులో ఎలా ఆడతాడు? లోపల పిల్లలు ఆడుతుంటే బయట వాళ్ల బట్టలూ చెప్పులూ కాపలా కాసేవాడు. చెమట అతనిది, ఆట వాళ్లది. ఆ బాధ ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే చులకనవుతానని అతని భయం.

ఒక ఏడు కమిటీ కాలేజీ జట్టుకి మొదటి ఆటలోనే యూనివర్సిటీ ఆటగాళ్లున్న జట్టు తగిలి, చిత్తుగా ఓడింది. చూసేవాళ్లు ఈలలు వేసి ఎగతాళి చేశారు. పిల్లలు తలలు దించుకుని ఏడుస్తున్నారు. అప్పుడు బుడే మొదటిసారి నోరెత్తాడు.

"ఎవడ్రా నవ్వేది? ఈ డ్రా మీకొస్తే మీరూ ఇంటికే!"

గుంపులోంచి ఒక బక్కపల్చని కుర్రాడు ముందుకొచ్చాడు. "ఓడినోళ్లకి డ్రా గుర్తొస్తదిలే," అన్నాడు. సర్కారు కాలేజీలో ఇంటర్ చదువుతున్న బుల్లయ్య అతను. గ్రౌండులో మొదలైన వాదన బస్టాండు దాకా నడిచింది. అక్కడ ఇద్దరికీ గొంతు ఎండిపోయి టీ తాగారు. టీ అయ్యాక మళ్లీ మొదలెట్టారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదన తెగలేదు. బుల్లయ్య ఆ ఏడే చదువు మానేసి మిరప, పత్తి సేద్యంలో పడ్డాడు. పక్క ఊరు నుంచి రోజూ సాయంత్రం టీవీఎస్ బండి మీద తోమా దగ్గరికి వచ్చేవాడు. ఇద్దరికీ ఏ కాలేజీతోనూ సంబంధం లేకపోయినా, బుడేది కమిటీ కాలేజీ, బుల్లయ్యది సర్కారు కాలేజీ.

బుల్లయ్య పెళ్లికి పరుపు కుట్టింది బుడే. బుడే కూతురు సిద్దికాను వేటపాలెం ఇచ్చినప్పుడు వంటవాళ్ల దగ్గర నిలబడి అజమాయిషీ చేసింది బుల్లయ్య. బుల్లయ్యకు ఒక్కడే కొడుకు, శివరామకృష్ణ. అందరికీ శివరాం. వాడికి నడక రాకముందే బుడే వాణ్ణి దూది కుప్పలో దొర్లించి కబడ్డీ ఆడించేవాడు. దూది ముక్కులోకి పోయి వాడు తుమ్ముతుంటే బుడే భార్య మదార్‌బీ పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి తిట్టి, పిల్లాణ్ణి ఎత్తుకుపోయేది.

ఆ శివరాం పెద్దవాడై సర్కారు కాలేజీలోనే డిగ్రీలో చేరాడు. వాడి కాళ్లలో ఏదో ఉంది. గీత దాటి వెళ్లాడంటే అవతలివాళ్లు వెనక్కి జరగాల్సిందే. ఆఖరి ఏడాది వాడు కెప్టెన్‌గా సర్కారు కాలేజీ కప్పు గెలిచింది. అంతకుముందు ఎప్పుడూ గెలవని కప్పు. బుల్లయ్య ఆ కప్పునీ కొడుకునీ వెంటబెట్టుకుని తిన్నగా టీ బండి దగ్గరకే వచ్చాడు.

"ఏరా సాయిబూ, ఇప్పుడు చెప్పరా! కప్పు ఎవరిది?"

బుడే కప్పును అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. "మీదే. ఎవడు కాదన్నాడు? డ్రా సంగతి కూడా చెప్పుకోండి మరి. మొదటాట బై, ఆడకుండానే గెలిచారు. రెండోదానికి అవతలోళ్ల బస్సు చెడిపోయి రానే రాలేదు. సెమీస్‌లో అవతల ఇద్దరు మంచి రైడర్లకి జొరం. ఫైనల్‌కొచ్చినోళ్లా, అప్పటికే మూడు గట్టి జట్లతో పొర్లాడి ఒళ్లు హూనమై వచ్చారు. ఈ డ్రా నాకిస్తే మా మదార్‌బీని కెప్టెన్‌గా పెట్టి తెచ్చేవాణ్ణి కప్పు!"

బండి చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది శివరామే.

"పిన్ని కెప్టెన్ అయితే నేను సబ్‌స్టిట్యూట్‌గా కూచుంటాలే బాబాయ్," అన్నాడు.

బుల్లయ్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది. టీ కూడా ముట్టకుండా బండెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు సాయంత్రానికి కొత్త పాయింట్లు పోగేసుకుని మళ్లీ వచ్చాడు. జ్వరమొచ్చింది రైడర్లకే కానీ డిఫెండర్లకి కాదుగా అన్నాడు. ఆ మర్నాడు ఇంకోటి. అలా రెండు నెలల పాటు రోజూ ఆ కప్పు మీదే వాదన. బుడే ఒక్క మెట్టు దిగలేదు. దిగితే ఏం మజా? బుల్లయ్య తన బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ లేడని బుడేకి తెలుసు. కొడుకు ఆటను రోజూ మొదట్నుంచీ చెప్పుకునే వంక ఆ తండ్రికి దొరికింది.

మార్చిలో శివరాం మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని, తెలిసినవాళ్ల ట్రాలీ ఆటోలో గుంటూరు యార్డుకి వెళ్లాడు. సరుకు అమ్మి తిరిగి వస్తుంటే హైవే మీద ఆగి ఉన్న లారీని ఆటో వెనక నుంచి గుద్దుకుంది. నడిపేవాడు కాలు విరిగి బయటపడ్డాడు. పక్కన కూర్చున్న శివరాం అక్కడికక్కడే పోయాడు.

ఆ పొద్దున బుడే షెడ్డులో మిషను మీద దూది ఆడిస్తున్నాడు. ఆ మోతలో ఫోను వినపడలేదు. తోమా పరిగెత్తుకొచ్చి మిషను ఆపి చెప్పాడు. బుడే ఉన్నపళంగా, తల నిండా భుజాల నిండా దూదితో బుల్లయ్య ఇంటికి వెళ్లాడు. బుల్లయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బుడేని చూసి లేచి, అతని భుజం మీది దూదిపోగుల్ని ఒక్కొక్కటిగా ఏరి కింద వేయడం మొదలుపెట్టాడు. చాలాసేపు అదే పని చేశాడు. చివరికి, "వాడు పొయ్యాడ్రా బుడే," అన్నాడు.

కర్మకాండలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. కొన్నాళ్లకు బుల్లయ్య మళ్లీ టీ బండి దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. వచ్చేవాడు, కూర్చునేవాడు, టీ తాగేవాడు. అందరూ అతనితో గొంతు తగ్గించి మాట్లాడేవారు. తోమా అడక్కుండానే చక్కెర ఎక్కువ వేసి ఇచ్చేవాడు. బుడే ఏ ఊరి టోర్నమెంటు సంగతి ఎత్తినా, ఎంత అడ్డదిడ్డంగా మాట్లాడినా, బుల్లయ్య ఒకటే మాట అనేవాడు.

"అంతేలే."

ముప్పై ఏళ్లలో తన మాటకు బుల్లయ్య ఒప్పుకోవడం బుడే ఎరగడు. ఇప్పుడు ప్రతిదానికీ ఒప్పుకుంటున్నాడు. మనిషి ఎదురుగానే ఉన్నాడు, కానీ లేడు.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, మళ్లీ జనవరి వచ్చింది. కాలేజీల డ్రా ఫోనులోకి వచ్చింది. బుడే టీ బండి దగ్గర గట్టిగా చదివి వినిపించాడు. కావాలనే నోటికొచ్చినట్టు వాగాడు. సర్కారు కాలేజీకి నెత్తిన పాలు పోసినట్టే డ్రా వచ్చిందన్నాడు. బుల్లయ్య టీ ఊదుకుంటూ, "అంతేలే," అన్నాడు.

బుడేకి ఇక ఆగలేదు. అన్నాళ్లుగా మనసులో నలుగుతున్న మాట బయటికి తీశాడు.

"ఒరే బుల్లయ్యా, పోయినేడు సంగతి. నేను తొందరపడి అన్నాగానీ, శివరాం వాళ్లకొచ్చిన డ్రా అంత సులువేం కాదురా. ఆలోచిస్తే కష్టమైందే. నేనే తప్పు చెప్పా."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మంచి పని చేశావన్నట్టు తోమా బుడే వంక చూశాడు. బుల్లయ్య మాత్రం గ్లాసు దించి, స్నేహితుడి మొహంలోకి చూశాడు.

"నువ్వు కూడా మొదలుపెట్టావా బుడే," అన్నాడు.

సగం టీ అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీ బండి వైపు రాలేదు. తను ఏం తప్పు చేశాడో బుడేకి బోధపడలేదు. మంచి మాటే కదా అన్నాను అనుకున్నాడు. ఫోను చేస్తే బుల్లయ్య ఎత్తలేదు. ఇంటికి వెళ్తే నిద్రపోతున్నాడని చెప్పించాడు. బుడేకి తల కొట్టేసినట్టయింది.

జనవరి ఆఖర్లో ఒక పొద్దున బుల్లయ్య భార్య పున్నమ్మ ఆటో దిగి బుడే ఇంటికి వచ్చింది. చేతిలో బరువైన గోనెసంచి. లోపలికి వచ్చి, సంచి మదార్‌బీ కాళ్ల దగ్గర పెట్టింది.

"వదినా, ఇవి మీ ఇంట్లో దాచు. ఎక్కడన్నా పెట్టు, మాకు మాత్రం తిరిగివ్వొద్దు."

మదార్‌బీ సంచి మూతి విప్పింది. పురుగుమందు డబ్బాలు. కొన్ని వాడి మిగిల్చినవి, కొన్ని మూత తీయనివి.

"ఏంది వదినా ఇది?"

పున్నమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "నన్ను తిట్టడంలా వదినా. మొన్న కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయా. అట్టాగే తినేసి చెయ్యి కడుక్కున్నాడు. పెళ్లయిన్నాటి నుంచి ఉప్పు తక్కువైతే కంచం విసిరికొట్టే మనిషి. చేలో కాయ ఎర్రగా పండి రాలిపోతంది, కూలోళ్లని పిలవడు. నిన్న కొట్టుగదిలో ఒక్కడే కూచోనున్నాడు. ఏం చేస్తన్నావయ్యా అంటే, డబ్బాల మీద తారీకులు చూస్తన్నా అన్నాడు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "కొడుకు పొయ్యాడు. ఈయన్ని కూడా పోగొట్టుకుని నేనేమైపోను?"

మదార్‌బీ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరాడవాళ్లూ ఏడ్చారు. బుడే గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. పున్నమ్మను ఆటో ఎక్కించి పంపాక మదార్‌బీ మొగుడి మీదికి తిరిగింది.

"నీవల్లే వచ్చిందయ్యా ఇదంతా."

"నేనేం చేశానే? కష్టమైన డ్రా అన్నా. ఆయన మంచికేగా."

"అదే తప్పు. ఊరంతా ఆయనతో కొడుకు చచ్చిపోయినోడితో మాట్లాడినట్టు మాట్లాడతన్నారు. నువ్వొక్కడివే శివరాం బతికున్నప్పుడు మాట్లాడినట్టు మాట్లాడేవాడివి. నువ్వు కూడా జాలిపడితే ఆయనకింక ఎవరున్నారు?"

బుడే షెడ్డులోకి వెళ్లి, మిషను పెట్టకుండా, ఏకాల్సిన దూది ముందర చాలాసేపు కూర్చున్నాడు. భార్య చెప్పింది నిజమని తెలుస్తూనే ఉంది. మరి ఇప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తూనే ఉంది. కొడుకు పోయిన తండ్రి ముందు నిలబడి ఆ కొడుకు గెలుపును తీసిపారేయాలి. అది బెడిసికొడితే? ఆ మాటతోనే మనిషి కుంగిపోయి ఏదైనా చేసుకుంటే? కానీ ఊరుకున్నా జరగబోయేది అదేగా.

మధ్యాహ్నం బుడే బుల్లయ్య వాళ్ల ఊరు వెళ్లాడు. దారి పొడుగునా మిరప కళ్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. బుల్లయ్య చేను మాత్రం కోత లేక అలాగే ఉంది. ఇంట్లో వసారాలో నులకమంచం మీద బుల్లయ్య కూర్చుని ఉన్నాడు. ఈసారి నిద్రపోతున్నానని చెప్పించడానికి కుదరలేదు. బుడే అడక్కుండానే ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. బుల్లయ్య మనిషి సగమైపోయాడు.

"మ్యాచ్‌లు అయిపోయినై," అన్నాడు బుడే. "మా కమిటీ కాలేజీ సెమీస్‌లో ఓడింది."

"అంతేలే."

"మీ సర్కారోళ్లు ఫైనల్‌దాకా పొయ్యారు. చచ్చు డ్రా."

"అంతేలే."

లోపల్నుంచి పున్నమ్మ చెంబుతో మంచినీళ్లు తెస్తోంది. నోరు జారి అన్న మాటలు బుడే బతుకులో లెక్కలేనన్ని. తెలిసి, గుండె రాయి చేసుకుని అన్న మాట ఇదొక్కటే.

"మీ కాలేజీకి డ్రా కలిసిరావడం కొత్తేముందిలే. పోయినేడు శివరాం కప్పు కూడా అట్టా వచ్చిందేగా."

పున్నమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ ఇంట్లో నెలల తరబడి ఎవరూ ఆ పేరు పైకి అనలేదు. బుల్లయ్య తలెత్తాడు.

"కష్టమైన డ్రా అన్నావుగా. టీ బండికాడ అందరిముందూ అన్నావు."

"నిన్ను చూసి జాలేసి అన్నా. అబద్ధమాడా. బై వచ్చిన కప్పు, బస్సు చెడిపోతే వచ్చిన కప్పు. అది సులువైన డ్రాయే."

"అన్నయ్యా! నువ్వసలు మనిషివేనా?" అంది పున్నమ్మ. చెంబులో నీళ్లు ఆమె చీర మీద ఒలికిపోయాయి.

బుడే ఆమె వైపు చూడలేదు. చూస్తే తను ఏడుస్తాడని తెలుసు. బుల్లయ్య వైపే చూస్తూ కూర్చున్నాడు. బుల్లయ్య దవడలు బిగుసుకున్నాయి. మంచం మీది నుంచి లేచాడు.

"ఏం కూశావురా సాయిబూ? ఇంకోసారి కుయ్యి!"

"సులువైన డ్రా అన్నా. నా దగ్గర దాపరికం లేదు."

"బస్సు చెడిపోతే నా కొడుకు చెడగొట్టాడంట్రా? బై ఇయ్యమని వాడు కాళ్లు పట్టుకున్నాడా?"

"అడిగాడో లేదో నాకనవసరం. వచ్చిందా లేదా?"

"ఫైనల్ చూశావా అసలు నువ్వు? కళ్లు ఎక్కడ పెట్టుకుని చూశావురా?"

"ముందు వరసలో కూచుని చూశా. అలిసిపోయినోళ్లని ఓడించడం కూడా ఒక గెలుపేనా?"

బుల్లయ్య ఒంటికాలి మీద లేచాడు. గొంతు పెళ్లున లేచింది. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

"వాడి కుడిచెయ్యి లేవడంలా, తెలుసా నీకు? ముందురోజు ప్రాక్టీసులో భుజం జారింది! కట్టుకట్టినాయన నెలరోజులు ఆడొద్దన్నాడు. పీడీకి తెలిస్తే ఆడనివ్వడని ఎవరికీ చెప్పలేదు. చొక్కా నేను తొడిగా. అన్నం వాళ్లమ్మ కలిపి పెట్టింది. ఒంటిచేత్తో ఆడాడ్రా నా కొడుకు! ఒంటిచేత్తో!"

బుడే పున్నమ్మ వైపు చూశాడు. ఆమె తలుపుచెక్క పట్టుకుని, అవునన్నట్టు తలూపింది.

"పసిపిల్లాడికి మల్లే పెట్టానన్నయ్యా. నొప్పికి కళ్లమ్మట నీళ్లు కారతానే తిన్నాడు."

బుడేకి ఆ ఫైనల్ కళ్లముందు కదిలింది. శివరాం ఆ రోజంతా కాళ్లతోనే పాయింట్లు తెచ్చాడు. కుడిచెయ్యి పొట్టకు ఆనించి ఉంచాడు. కుర్రాడు టెక్కు పోతున్నాడనుకున్నాడు తను. ముందు వరసలో కూర్చుని, ఆ పిల్లాడు నొప్పిని పంటి బిగువున పట్టి ఆడటం చూస్తూ, అవతలి జట్టు ఎంత అలిసిపోయిందో చూసుకున్నాడు. ఎవరెవరితో ఆడారన్న లెక్కలో, ఆడినవాడి ఒంటి సంగతి ఎప్పుడూ రాలేదు.

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్పొద్దన్నాడు. బుడే బాబాయ్‌కి చెబితే సాకులు వెతుక్కుంటన్నావు అంటాడు నాన్నా, నాకు మాటివ్వు అన్నాడు. ఇచ్చా. వాడు పొయ్యాక కూడా ఎవరికీ చెప్పలా. ఇవాళ నీ నోటి దురుసుకి చెప్పాల్సొచ్చింది." బుల్లయ్య కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. కొడుకు పోయినప్పటి నుంచి అతను ఏడ్చింది అప్పుడే. "మూడు జట్లతో ఆడి అలిసినోళ్లు కష్టపడ్డారా? చెయ్యి ఊడిపోతంటే ఆడినోడు కష్టపడ్డాడా? చెప్పరా ఇప్పుడు. చెప్పు!"

బుడే నోరు తెరిచాడు. నువ్వే గెలిచావురా, నీ కొడుకంత మొనగాడు మన గ్రౌండులో పుట్టలేదు, అని అతని గుండె నిండా ఉంది. అది నిజం కూడా. బుల్లయ్య రొమ్ము ఎగసిపడుతూ, పిడికిళ్లు బిగించి, జవాబు కోసం చూస్తున్నాడు. ఆ కళ్లు మళ్లీ పాత బుల్లయ్యవి. ఇప్పుడు తను ఒప్పుకున్నాడంటే వాదన అయిపోయినట్టే. ఈ మనిషి మళ్లీ ఆ మంచం మీద కూర్చుంటాడు, అంతేలే అంటాడు.

"చెయ్యి సంగతి చెయ్యిది, డ్రా సంగతి డ్రాది," అన్నాడు బుడే. "దానికీ దీనికీ ఏం సంబంధం? సులువైన డ్రాయే."

"ఓరి నీ..." బుల్లయ్య చెప్పు తీసి విసిరాడు. అది బుడే భుజానికి తగిలి అవతల పడింది. "నీతో ఇట్టా కాదురా. ఫైనల్ వీడియో ఉంది వాడి ఫోన్లో. పట్టుకొస్తా రేపు. అందరిముందూ పెట్టి చూపిస్తా. రేపు సాయంత్రం టీ బండికాడ ఉండు, నీ సంగతి తేలుస్తా!"

"ఉంటా. నాకేం భయం?" అంటూ బుడే లేచి వచ్చేశాడు. ఊరు దాటిందాకా వెనక్కి తిరగలేదు. ఊరు దాటాక ఒక పత్తిచేను గట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు బుల్లయ్య వచ్చాడు. గడ్డం గీసుకుని వచ్చాడు. కొడుకు ఫోనులో ఫైనల్ పెట్టి అందరికీ చూపించాడు. చూడండి, ఇక్కడ చూడండి, కుడిచెయ్యి చూడండి అంటూ ఒక్కొక్కరి మొహం ముందు పెట్టాడు. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. బుడే ఒక్కడే, "అయితే ఏంది? బై రాలేదా?" అన్నాడు. బుల్లయ్య గ్లాసు బల్ల మీద కొట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఆ వారమే చేలో కూలీలు దిగారు. పున్నమ్మ ఫోను చేసి, ఉప్పు ఎక్కువైందని ఇవాళ తిట్టాడు వదినా, అని చెప్పి ఏడ్చింది.

తోమా మాత్రం బుడే మొహం చూడటం మానేశాడు. "చచ్చిపోయిన పిల్లాడి కప్పు మీద కూడా నీ పంతమేనా? నీకసలు గుండె ఉందా సాయిబూ?" అని ఒకరోజు మొహం మీదే అడిగాడు. టీ గ్లాసు అందరికీ చేతికిచ్చి, అతనిది మాత్రం బల్ల మీద పెట్టేవాడు. పరుపులు కుట్టించుకునేవాళ్లు కూడా కొందరు వేరేవాళ్ల దగ్గరికి పోయారు. నోటి తీట మనిషని ముందు నుంచీ పేరుంది, ఇప్పుడు కసాయివాడని కూడా పేరొచ్చింది. బుడే ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఒకరి చెవిన పడితే బుల్లయ్య చెవిన పడుతుంది.

ఒకనాటి మధ్యాహ్నం షెడ్డులో, దూదిని పరుపు గలేబుల్లోకి కూరుతూ మదార్‌బీ అడిగింది.

"నాకన్నా నిజం చెప్పయ్యా. ఆ పిల్లాడి డ్రా నిజంగా అంత సులువైందేనా?"

బుడే చేతిలోని దూదిని కిందపెట్టాడు. ఎవరైనా వస్తున్నారేమోనని బయటికి చూశాడు.

"ఇన్నేళ్లలో అట్టాంటి ఆట నేను చూళ్లేదే," అన్నాడు. "కానీ బుల్లయ్య బతికున్నంతకాలం దాన్ని నేను ఒప్పుకోకూడదు."